కిటికీ మూస్తేనే ఫిజిక్స్!

అయ్యా, అమ్మా! పిల్లలకు ఫిజిక్స్ రావాలంటే ముందు చెయ్యాల్సిన పని గదికున్న కిటికీలన్నీ మూసెయ్యడం. ఈ మాట ఊరికే అనడం లేదు. ఇంటర్ ఫస్టియర్ చదివే కూతురున్న తండ్రిగా, అనుభవం మీద చెబుతున్నాను.

మా పింకీ చదివే కాలేజీ బోరబండలో మా వెనక గల్లీలోనే ఉంది. కింద ఫర్నిచర్ షాపు, పైన రెండంతస్తులు కాలేజీ. ఎంత ముందుచూపో చూడండి, కిటికీలకు ప్లైవుడ్ కొట్టించారు! గాలి రాదు, వెలుతురు రాదు, అనుమానాలు అసలే రావు. ల్యాబుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మరి ప్రాక్టికల్ రికార్డు ఎట్లా అంటారా? పిచ్చి ప్రశ్న! సీనియర్ల రికార్డు చూసి దించుకుంటారు. లోలకాన్ని కళ్లతో చూడకుండానే అరవై మందికీ ఒకే జవాబు, దశాంశాలతో సహా! చేత్తో చేసే ప్రయోగంలో ఇంత కచ్చితంగా వస్తుందా?

ఇంత చక్కటి కాలేజీలోకి జూన్‌లో వెంకటరమణ అనే ఫిజిక్స్ లెక్చరర్ వచ్చాడు. అనంతపురం మనిషి. వచ్చీ రాగానే పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లాడు. అవతల మాదాపూర్‌లో హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తున్నారు కదా! ఆ మోతకు బస్తీ అంతా పరేషాన్ అవుతుంటే ఈయనకు పండగ.

"దుమ్ము లేచింది చూసినారా? ఇంగ లెక్కపెట్టండి" అన్నాడట. ఆరు అనేసరికి ఢాం! "శబ్దం సెకనుకు మూడొందల నలభై మీటర్లు పోతుంది. ఆరుతో గుణించండి. ఆ బండ మనకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. టేపు పట్టుకొని ఎవరూ పోలేదు చూడండి!"

అంతే, మా ఇంట్లో మనశ్శాంతి పోయింది. పింకీ నీళ్ల బక్కెట గిరగిరా తిప్పుతుంది, చుక్క కూడా ఎందుకు పడలేదో చెప్పమంటుంది. కుక్కర్ కూత వేస్తే ఎందుకంటుంది. సిటీ బస్సు బ్రేకు వేసినప్పుడు అందరూ డ్రైవర్ని తిడుతుంటే, ఇది నా చొక్కా పట్టుకుని "ముందుకే ఎందుకు పడ్డం నాన్నా?" అంటుంది. నాకేం తెలుసు? నేను బీకాం! కన్నకూతురి ముందు తెల్లమొహం వెయ్యడం ఏ తండ్రికి ఇష్టం?

ఇరవై మంది తండ్రులం కలిసి దరఖాస్తు రాశాం. సారు పిల్లల్ని ఎండలో నిలబెడుతున్నారు, పోర్షన్ వెనకబడింది, ఎంసెట్‌లో పేలుళ్ల మీద బిట్లు రావు అని. మొదటి సంతకం నాదే. ప్రిన్సిపాల్ గారు ఎంత మర్యాదస్తులో! దసరా సెలవుల తర్వాత ఆ సారును ఇక రావద్దన్నారు.

ఇప్పుడు చూడాలి మా ఇల్లు! పింకీ పొద్దున ఐదింటికే లేచి బిట్లు బట్టీ పడుతుంది. కుక్కర్ కూసినా తల ఎత్తదు. ప్రశ్న నంబరు చెబితే చాలు, ప్రశ్న వినకుండానే ఏ, బీ, సీ, డీలలో ఏదో చెప్పేస్తుంది. వీక్లీ టెస్టులో మూడో ర్యాంకు. నాకింకేం కావాలి?

అంతా బాగానే ఉంది గానీ, మొన్న ఒక పొరపాటు చేశాను. బట్టలు ఆరెయ్యడానికి డాబా ఎక్కితే మాదాపూర్ వైపు దుమ్ము లేచింది. నా నోరు నా మాట వినలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఢాం!

నాలుగే! జూన్‌లో ఆరు కదా? వేళ్ల మీద గుణించాను. అంటే పేలుళ్లు మా వైపు దాదాపు ఏడొందల మీటర్లు జరిగి వచ్చాయన్నమాట! ఎవరూ చెప్పలేదు, పేపర్లో రాయలేదు, నేనే కనిపెట్టాను! నలభై ఆరేళ్లొచ్చాక ఒళ్లు పులకరించింది. తడి బట్టలు అక్కడే పడేసి, గబగబా మెట్లు దిగి, పింకీ గది కిటికీ బార్లా తెరిచాను.

"బిడ్డా! నాలుగే సెకన్లు! ఎందుకో చెప్పు!"

అది పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"గదంత ఎంసెట్ల రాదు నాన్నా. జర కిటికీ మూయి."

మూశాను. వెంకటరమణ సారు ఇప్పుడు ఎక్కడ పాఠం చెబుతున్నారో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి. వెనక్కి రమ్మని ఇంకో దరఖాస్తు రాయాలి. దాని మీద కూడా మొదటి సంతకం నాదే.