చిన్నమ్మ మింగిన నిమిషాలు

"ఈ భూమ్మీద నేరం ఉన్నంత కాలం ఈ అభిలాష్ ఉంటడు!" అని గర్జించి, మొయినాబాద్ మొక్కల నర్సరీ ఆఫీసు గడప తట్టుకుని బోర్లా పడ్డాడు డిటెక్టివ్ అభిలాష్.

సమత లేపలేదు. ఆఫీసు రిజిస్టరు రాసే ఆమెకు ఈ మహామేధావి కొత్త కాదు. ఓనరు బాలరాజ్‌కు మేనల్లుడు. తప్పిపోయిన మేకను మూడు రోజులు వెతికి, దాని బిర్యానీ తిన్నాక కేసు మూసేసిన ఘనుడు. జూన్‌లో ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసి, తెర మూల గడియారాన్ని "నా స్టైల్‌ల సెట్ చేసిన" అని వారం రోజులు ఊదరగొట్టాడు.

ఇవాళ ఆమెకు నవ్వు రావడం లేదు. ఇరవై ఏళ్లుగా గేటు కాస్తున్న అంతయ్య కొలువు పోయేట్టుంది. తొమ్మిదికి రావాలి. ఎవరొచ్చినా ఆమె ఆ తెర చూసే టైము రాస్తుంది. ఆ తర్వాత దాని మొహం చూసేదెవరు, అందరికీ సెల్‌ఫోన్లున్నాయి. అంతయ్య జూన్‌లో రోజూ తొమ్మిదీ ఆరు. జూలైలో తొమ్మిదీ ఏడు. ఆగస్టులో తొమ్మిదీ ఎనిమిది. ఇవాళ సెప్టెంబర్ ఒకటి, తొమ్మిదీ తొమ్మిది. ఎనిమిదికి రావాల్సి ఉండి, ఆవలిస్తూ తొమ్మిదవబోతుండగా వచ్చే డ్రైవర్ బాలప్పేమో రిజిస్టరులో ఎనిమిది దాటగానే వచ్చేసిన బుద్ధిమంతుడు!

"నెలకో నిమిషం పెంచుతున్నవా?" బాలరాజ్ మండిపడ్డాడు. "తాళాలియ్యి!"

"నేను తొమ్మిదికే వస్తున్న పటేలా. నా గడియారం చూడు." ముసలాయన మణికట్టు చాచి చూపించాడు. ఎవరూ చూడలేదు.

అభిలాష్ భూతద్దం తీసి తెరకు ఆనించాడు. "ఇంకా తొమ్మిదీ తొమ్మిదే! నన్ను చూసి కాలమే ఆగిపోయింది."

"నీ బొంద," అనుకుంది సమత. దొంతన్‌పల్లిలో కంప్యూటర్ చదువుతున్న ఓనరు కూతురు స్నిగ్ధకు ఫోన్ చేసింది. చెప్పేదంతా చెప్పాక అభిలాష్ ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. రెండు ముక్కలు వినబడ్డాక సిగ్నల్ పోయింది.

"దొరికింది క్లూ!" కళ్లు పెద్దవి చేశాడు. "అక్కా, స్నిగ్ధ ఏమన్నదో తెల్సా? 'గడియారంల చిన్నమ్మున్నది, పెద్దమ్ముండాలె.' అంతయ్యా, నీకు చిన్నమ్మ ఉన్నదా?"

"చిల్కూరుల ఉన్నది."

"పెద్దమ్మ?"

"పోయింది బిడ్డా. ఏడేండ్లాయె."

"ఎక్కడికి పారిపోయింది?"

"కాటికి."

సమత తల పట్టుకుంది. అభిలాష్ ఆగలేదు. "అర్థమైంది మామా! ఛాయ్ పేరుతో రోజూ చిన్నమ్మ ఇతన్ని ఆపుతున్నది. నెలకో నిమిషం మింగుతున్నది. కేసు క్లోజ్! గుర్తుగా గడియారం పక్కన నా పేరు పెడ్త."

గడియారం మీద నొక్కి, అది టైము ఎట్లా చూపాలో రాసే గడి తెరిచాడు. పేరు ఎప్పుడూ పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతాడు గనక ముందు క్యాప్స్ లాక్ వేశాడు. మోచేయి తగిలి అందులోని చివరి అక్షరం చెరిగిపోయింది.

"అయ్యో, ఏం చెరిపినవ్? మళ్ల పెట్టు!" సమత అరిచింది.

"ఫికర్ జేయకు. ఎమ్మే గద." ఎమ్ కొట్టాడు. ఈసారి పెద్దక్షరం పడింది.

తెర మీద తొమ్మిదీ తొమ్మిది కాస్తా తొమ్మిదీ ముప్పై నాలుగయింది. చూస్తుండగానే ముప్పై ఐదు. మూడు నెలల్లో దాని మీద నిమిషం కళ్ల ముందు కదలడం అదే మొదలు.

సమత గబగబా రిజిస్టరు తిప్పింది. "ఆరో నెల ఆరు, ఏడో నెల ఏడు... సార్! ఇది నిమిషాలు చూపెట్టలే, నెల చూపెట్టింది! చిన్నమ్మ కాదు, చిన్న ఎమ్! నిమిషాలకు పెద్ద ఎమ్ పెట్టాలె. అంతయ్య ఒక్కనాడు లేటు గాలే."

తన అసలు టైము కూడా అడుగుతారని, గుమ్మంలో నిలబడ్డ బాలప్ప మెల్లగా బయటికి జారుకున్నాడు.

బాలరాజ్ తాళాలు అంతయ్య చేతిలో పెట్టి, మేనల్లుడి వైపు తిరిగాడు. "ఆ చిన్న ఎమ్ పెట్టిందెవడురా?"

"దోషి ఈ గదిలనే ఉన్నడు మామా," అన్నాడు అభిలాష్ గంభీరంగా. "పేరు మాత్రం రహస్యం."

అంతయ్య తన చేతి గడియారం విప్పి అతని ముక్కు ముందు పెట్టాడు.

"దీన్ల చిన్నమ్మ లేదు, పెద్దమ్మ లేదు. రెండు ముల్లులే. ఇప్పుడన్న చూడు బిడ్డా."