బొట్టు పెట్టిన రౌటరు

ఆయుధ పూజనాడు పొద్దున్నే వసంతకుమార్ పెట్టుకున్న పని ఒక్కటే, వెనక గదికి వైఫై రప్పించడం. తిరుప్పూరులో అతను పనిచేసే బనియన్ల కంపెనీలో మిషన్లన్నీ పూజలో ఉన్నాయి, గేటుకు తాళం. సరుకు కొనే జర్మనీ దొరకు మాత్రం పూజా లేదు, పండగా లేదు. పదకొండింటికి వీడియో కాల్. సరుకు ఇరవై రోజులు ముందే పంపమంటున్నాడు. ఒప్పుకుంటే కుట్టేవాళ్లకు దీపావళి సెలవు పోతుంది, కాదంటే ఆర్డరే పోవచ్చు. "ఎట్టనన్నా పాత తేదీనే కాపాడు తంబీ" అని చెప్పి ఓనరు అళగిరిసామి కుటుంబంతో ఊటీ వెళ్లిపోయాడు.

ముందుగదిలో చుట్టాల గోల. వెనక గదిలో నిశ్శబ్దం ఉంది గానీ సిగ్నల్ లేదు. రౌటరు ఇనుప బీరువా వెనక దాక్కుని ఉంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటికి నడుమ, ఎత్తుగా, అడ్డం లేని చోట పెట్టాలని ఎవరో చెప్పారు. అలాంటి చోటు ఆ ఇంట్లో పూజ అలమర ఒక్కటే. గాంధీపురంలో కొన్న పొడుగాటి కేబులు లాగి రౌటరును దేవుళ్ల పటాల పక్కన పెట్టాడు. వెనక గదిలో సిగ్నల్ నిండుగా వచ్చింది. తనను తానే మెచ్చుకుంటూ స్నానానికి వెళ్లాడు.

అదే అతను చేసిన తప్పు. తిరిగొచ్చేసరికి కత్తిపీట, సుత్తి, సైకిల్ పంపులతో పాటు రౌటరుకూ గంధం, కుంకుమ, చామంతి దండ పడ్డాయి. ప్లగ్గు పీకేసి ఉంది. పదకొండుకు పది నిమిషాలే ఉన్నాయి.

"అమ్మా, దాన్నెందుకు ఆపినావు?"

"పూజలో పెట్టినోడివి నువ్వే గదా కణ్ణు," అంది చెన్నమ్మాళ్ తాపీగా. "ఏడాదంతా కన్ను మూయకుండా పని చేస్తది పాపం. ఈ పొద్దు ఒకనాడన్నా సుమ్మా, ఊరికే ఉండనీ. రేపు కర్పూరం చూపించేదాకా ఎవురూ ముట్టగూడదు."

అతను బతిమాలాడు, ఉద్యోగం పోతుందన్నాడు. చుట్టాలంతా ఆవిడ పక్షాన చేరారు. చేసేది లేక ఫోన్‌లోని నెట్‌నే లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్‌ను కిటికీ ఊచలకు కట్టి కూర్చున్నాడు. ఒకే ఒక్క గీత, అదీ వచ్చి పోతోంది.

దొర తేదీ సంగతి ఎత్తగానే చెన్నమ్మాళ్ తలుపు తోసుకుని గంధం గిన్నెతో వచ్చింది. లాప్‌టాప్ కూడా ఆయుధమే, దాన్ని మరిచిపోయానని ఆవిడ బాధ. లాప్‌టాప్ వెనకనుంచి గంధం వేలు కెమెరా దాకా వచ్చేసింది. వసంతకుమార్ పళ్లు బిగించి ఆవిడ వంక కళ్లురిమి చూశాడు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది.

రెండు నిమిషాలు రాలేదు. ఆర్డరు పోయింది, దాని వెంట ఉద్యోగమూ పోయిందనుకున్నాడు. తీరా నెట్ వచ్చేసరికి దొర మెల్లగా క్షమాపణ చెబుతున్నాడు. అతని తెరమీద ఆ రెండు నిమిషాలూ ఉరిమే కళ్లే నిలిచిపోయి ఉన్నాయట. తను మరీ అన్యాయంగా అడిగానని, పాత తేదీకే పంపితే చాలని అన్నాడు. అది కాదు సార్ అనబోయి వసంతకుమార్ నోరు మూసుకున్నాడు. ఆ రోజు అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

సంగతి విని అళగిరిసామి ఫోన్‌లో చాలాసేపు నవ్వాడు. "ఇక దొరలతో మాట్లాడేదంతా ఆ రూములోనే తంబీ. అమ్మను గూడా పక్కన కూచోబెట్టుకో."

మర్నాడు కర్పూరం చూపించి చెన్నమ్మాళ్ రౌటరును కొడుకు చేతికిచ్చింది. అతను దాన్ని బొట్టు చెరగకుండా తీసుకెళ్లి మళ్లీ బీరువా వెనకే పెట్టాడు.