కిటికీల కథలో పితృభక్తి

ఆ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సమకాలీన కథను పాఠంగా పెట్టాలని నిర్ణయించినప్పుడు అధ్యాపకులందరూ హర్షం వ్యక్తం చేశారు. అంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉన్న రచయితలంతా కాలం చేసినవాళ్ళే. పోయిన రచయితలతో ఉన్న సౌకర్యం మీకు తెలియనిది కాదు. వాళ్ళు ఏం చెప్పదలుచుకున్నారో మనమే చెప్పవచ్చు, లేచి వచ్చి కాదనరు. కానీ తనిఖీ బృందం వస్తోందనీ, కాలేజీలో ఆధునికత ఏపాటి ఉందో చూస్తుందనీ తెలియడంతో, ప్రహరీగోడకు కొత్త రంగు, మరుగుదొడ్లకు కొత్త తలుపులు, సాహిత్యానికి బతికున్న రచయిత ఒకేసారి మంజూరయ్యాయి.

కథను ఎంపిక చేసింది శాఖాధిపతి. చేతికందిన కథల సంకలనంలోకెల్లా అదే చిన్నది. తండ్రి పోయాడన్న వాక్యంతో మొదలై, కూతురు కిటికీలన్నీ తెరిచిందన్న వాక్యంతో ముగుస్తుంది. ఆ రెండు వాక్యాలూ శాఖాధిపతి స్వయంగా చదివారు. మిగతాది మధ్యలో ఉంటుంది కనుక ఊహించుకున్నారు. ఆ వారంలోనే అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం పేరుతో ఆయన ఒక్కరే రాసిన గైడు బజారులోకి వచ్చింది. ‘తండ్రి ఆత్మకు వెలుగుదారి చూపడానికే ఆమె కిటికీలు తెరిచినది. ఈ కథలోని ప్రధానాంశము పితృభక్తి’ అని అందులో ఉంది. పాఠ్యపుస్తకం కొన్నవాళ్ళు తక్కువ, గైడు కొననివాళ్ళు అంతకన్నా తక్కువ.

పాఠం చెప్పే బాధ్యత తాత్కాలిక లెక్చరర్ మీద పడింది. తాత్కాలికంగా ఉండడంలో అతను ఏనాడో స్థిరపడిపోయాడు. ఈ ఏడు తనిఖీ సాఫీగా జరిగితే పర్మినెంటు చేస్తామని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. మనిషి మంచివాడే. ఒక్కటే దురలవాటు. చెప్పబోయే కథను ముందుగా చదివేవాడు. శాఖలో ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే ఆ పని కానిచ్చేవాడు. కిటికీల కథ చదివిన రోజున పుస్తకం మూసి, చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. భార్య ఏమైందని అడిగితే తలనొప్పన్నాడు.

క్లాసులో మాత్రం గైడు చెప్పినట్టే చెప్పాడు. పిల్లలు ‘పితృభక్తి’ అని రాసుకుని కింద గీత గీసుకున్నారు. అయితే చెప్పేటప్పుడు అలవాటు కొద్దీ నోరు జారి, శవయాత్ర ముగిశాక ఆ కూతురు రేడియో పెద్దగా పెట్టుకున్న సంగతి కూడా అనేశాడు. అప్పుడు చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ఏ పుటా వదలకుండా మెల్లగా చదువుతుందని తోటివాళ్ళు ఆమెకు ‘నిదానం’ అని పేరు పెట్టారు.

“ఆమెకి భక్తి ఉన్నట్టు నాకనిపించలేదు సార్. ఆయన బతికున్నన్నాళ్ళూ కిటికీలు తెరవనివ్వలేదని మధ్యలో ఉంది కదా. రేడియో కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాడు, ఆమెకి హాయిగా అనిపించింది. కథంతా అదే కదా సార్?”

లెక్చరర్‌కి ఎందుకో ప్రాణం లేచివచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చదివిన మనిషి ఎదురుపడడం అదే మొదలు.

“అదీ ఒక రకంగా నిజమే,” అన్నాడు.

వెంటనే ముందు బెంచీ కుర్రాడొకడు, “పరీక్షలో ఏ రకం రాయాలి సార్?” అని అడిగాడు. అది సాహిత్యానికి సంబంధించిన అసలైన ప్రశ్న కనుక క్లాసంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూసింది. గైడులో ఉన్నదే రాయమన్నాడు లెక్చరర్. కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. తండ్రి పోతే హాయిగా ఉంటుందని కాలేజీలో నేర్పుతున్నారట, నిజమేనా అని.

ప్రిన్సిపాల్ రసాయనశాస్త్రం మనిషి. ఏది దేనితో కలిస్తే పేలుతుందో ఆయనకు తెలుసు. తక్షణమే విచారణ సంఘం వేశారు. కథలోని కూతురికి తండ్రి మీద ప్రేమ ఉన్నదా, లేదా అని తేల్చడమే సంఘం పని. చదివితే ఏదో ఒక అభిప్రాయం ఏర్పడి నిష్పాక్షికత దెబ్బతింటుందన్న కారణంతో సభ్యులెవరూ కథను చదవకూడదని తీర్మానించారు. ఈ తీర్మానం ఏకగ్రీవం.

విచారణకు నిదానం తండ్రిని కూడా పిలిపించారు. ఆయనది కళ్ళద్దాల దుకాణం. కూతురు ఏ గ్రూపు చదవాలో, ఏ బస్సెక్కాలో, జడ ఎంత పొడుగుండాలో ఆయనే చూసుకుంటాడు. ఇస్త్రీ మడత చెదరకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

ముందుగా శాఖాధిపతి లేచి ప్రసంగించారు.

“తండ్రి అనగా ఎవరు? ఇంటికి కప్పు. కప్పు ఎగిరిపోతే హాయిగా ఉందనేవాళ్ళు ఉంటారా? సమకాలీన సాహిత్యం కూడా సనాతన సత్యాలనే చెబుతుంది. చెప్పకపోతే మనం చెప్పించాలి.”

సభ్యులు బల్లలు చరిచారు. ప్రిన్సిపాల్ అమ్మాయి వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అన్నారు.

“నేను చదివింది చెప్పాను సార్. కావాలంటే ఇప్పుడే చదివి వినిపిస్తాను, పది నిమిషాలు కూడా పట్టదు.”

“వద్దు, వద్దు,” అన్నారు సభ్యులంతా ఒక్కసారే.

ఆ సందులో కళ్ళద్దాలాయన నోరు విప్పాడు. అంతసేపూ ఆయన ఎవరి మాటా విన్నట్టు లేదు.

“ఆ కథ సంగతి నాకెందుకు గానీ, నన్ను చూసి చెప్పు. రేపు నేను పోతే నీకూ హాయిగా ఉంటుందా?”

నిదానం తండ్రి వైపు తిరిగింది. ఏదైనా చదివాకే చెప్పే పిల్ల. తండ్రి ముఖాన్నీ అలాగే మెల్లగా చదివింది.

“తెలీదు నాన్నా. ఆలోచించి చెప్తాను.”

అక్కడున్న మగవాళ్ళలో ఆడపిల్లలు లేనివాడు లేడు. శాఖాధిపతి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. కళ్ళద్దాలాయన మాత్రం, “ఇందులో ఆలోచించడానికేముందే?” అన్నాడు. ఆ గొంతులో కోపం ఉండాల్సింది, కానీ లేదు.

పరిస్థితి చెయ్యి దాటుతోందని గ్రహించి ప్రిన్సిపాల్ లెక్చరర్‌ని లేపారు.

“మీరు చెప్పండి. ఆ కూతురు కిటికీలు ఎందుకు తెరిచింది?”

నిదానం అతని వైపు చూసింది. ఆ చూపు అతను చూశాడు. తనిఖీ ఎప్పుడో, పర్మినెంటు ఉత్తర్వులు ఎప్పుడో కూడా గుర్తొచ్చాయి.

“పితృభక్తితో సార్.”

“మరి క్లాసులో ‘అదీ ఒక రకంగా నిజమే’ అన్నారట?”

“క్లాసు అదుపు తప్పకుండా ఉండాలని అన్నాను.”

“ఇంతకీ కథ మీరు చదివారా?”

“లేదు సార్.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చదవలేదు కనుక లెక్చరర్ తప్పేమీ లేదనీ, చదివింది కనుక అమ్మాయిని మందలించాలనీ తేలింది.

వరండాలో నిదానం అతన్ని ఆపింది.

“మీరు చదివారు సార్. గైడులో రేడియో లేదు.”

“మీ నాన్నగారు ఎదురుచూస్తున్నారు, వెళ్ళమ్మా,” అన్నాడు లెక్చరర్. వెళ్ళేదాకా ఆమె ముఖం చూడలేదు.

మరుసటి వారం ఆమెను తండ్రి లెక్కల గ్రూపుకు మార్పించాడు. తనిఖీ బృందం వచ్చి, పిల్లలందరి జవాబులూ అక్షరం తేడా లేకుండా ఉండడం చూసి, బోధనలో ఇంతటి సమానత్వం ఎక్కడా చూడలేదని మెచ్చుకుంది. ముందుజాగ్రత్తగా కిటికీల కథను తొలగించారు. ఈసారి శాఖాధిపతి ముందే గైడు రాసేసి, దానికి సరిపడే కథ రాసివ్వమని తెలిసిన రచయితకు పురమాయించారు. ఆ రచయిత బతికే ఉన్నాడు. ఏ ఇబ్బందీ పెట్టలేదు.

లెక్చరర్ పర్మినెంటు అయ్యాడు. ఉత్తర్వులు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి కూతురు కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. అతను బూట్లు విప్పకుండానే పక్కన కూలబడ్డాడు. విచారణ జరిగిన రోజు నుంచీ సంఘం సభ్యులందరూ తమ తమ ఇళ్ళలో అడిగిన ప్రశ్న అతను మాత్రం అడగలేకపోయాడు. ఇవాళ ధైర్యం వచ్చింది.

“నాన్నంటే నీకు ఇష్టమేనా అమ్మా?”

“చాలా ఇష్టం నాన్నా,” అంది ఆ పిల్ల, తలెత్తకుండా, తడుముకోకుండా, క్లాసులో లేచి నిలబడి అప్పజెప్పినట్టు.

జవాబులో తప్పేమీ లేదు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనూ అడిగి చూడండి. సరైన సమాధానమే వస్తుంది.