ఎవరూ చావని రోజు

మేరిమ్‌కి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: నిద్రపోయిన పాప మళ్ళీ లేవదేమోనని. గిన్నెలు తోముతున్నా, పిండి కలుపుతున్నా మధ్యలో వెళ్ళి పాప ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. వేలికి ఊపిరి తగిలాకే తనూ ఊపిరి తీసుకుంటుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల కాబట్టి అచ్చులో ఉన్న దేన్నయినా నమ్మేస్తుంది కూడా.

ఆ శుక్రవారం పొద్దున అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. మర్నాడు పాపను ఉయ్యాలలో వేసే వేడుక. పుట్టింటివాళ్ళు ఉయ్యాల తెస్తారు. అత్త ఊల్కాన్ బోర్సోకులనే పిండి బిళ్ళలు వేయిస్తుంది. మొగుడు ఎర్మెక్ సంతనుంచి గొర్రెను తెస్తాడు. మేరిమ్ వంటింటి గోడమీద కాలెండరులో ఆనాటి కాగితం చించబోతే మర్నాటిది కూడా అంటుకుని ఊడి వచ్చింది. శనివారం తేదీన చరిత్రలో ఏమేం జరిగాయో దాని వెనక చిన్న అక్షరాల్లో వేశారు. ఒక పట్నం భూకంపంలో కూలింది. ఒక రాజుకు సొంత తమ్ముడే విషం పెట్టించాడు. ఒక గొప్ప వైద్యుడు జలుబు చేసి పోయాడు. ఇంకా కిందకి వెళితే పుట్టినవాళ్ళున్నారు, ఒక గాయకుడు, ఒక చదరంగం ఆటగాడు. మేరిమ్ కళ్ళు అంతదాకా దిగలేదు.

ఇలాంటి రోజున పాపను ఉయ్యాలలో వేస్తారా? ఆదివారం కాగితం ఎత్తి చూసింది. యుద్ధం. సోమవారం పడవ మునక. తిప్పినకొద్దీ రాజులు, కవులు, సేనాపతులు వరసగా పోతూనే ఉన్నారు. చివరికి నెలాఖరులో ఒక బుధవారం దొరికింది. ఆ కాగితం వెనక క్యాబేజీ పచ్చడి పెట్టే విధానం తప్ప ఏమీ లేదు. ఆ రోజున ఎవరూ చావలేదు.

అత్తతో చెప్పే ధైర్యం లేదు. ఉయ్యాల రాకపోతే వేడుకే ఉండదు కదా అని పుట్టింటికి ఫోను చేసింది. మేనమామ జుమాలీ ఎత్తాడు.

"మామయ్యా, రేపు ఉయ్యాల తేవద్దు." అత్తకు వినపడకుండా గొంతు బాగా తగ్గించింది. "ఎందుకని అడక్కు. రోజు బాగోలేదు. మా అత్తకి మాత్రం ఫోను చెయ్యకండి."

"అర్థమైందమ్మా," అన్నాడు జుమాలీ మెల్లగా. "ఇంకేం చెప్పకు. గుండె దిటవు చేసుకో."

ఎంత ఇట్టే అర్థం చేసుకున్నాడని మేరిమ్ ప్రాణం కుదుటపడింది.

మావైపు చావును పేరు పెట్టి చెప్పరు. గొంతు తగ్గించి, ఎందుకని అడక్కు అంటారు. మిగతాది వినేవాడే గ్రహించుకోవాలి. ఎవరు పోయారని తిరిగి అడగడమంత మోటుతనం ఇంకోటి లేదు.

శనివారం పొద్దున ఊల్కాన్ నూనెలో బోర్సోకులు తిప్పుతుండగా మినీబస్సు వచ్చి ఆగింది. అందులోంచి మేరిమ్ పుట్టింటి మగవాళ్ళు దూకి, "అయ్యో నా రక్తమా! అయ్యో నా బలమా!" అని గొంతెత్తి ఏడుస్తూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. వెనకే ఆడవాళ్ళు శోకాలు అందుకున్నారు.

ఊల్కాన్ గరిటె పారేసింది. 'వియ్యంకులవైపు ఎవరో పోయారు. ఎంత ఆత్మీయులు కాకపోతే ఏడవడానికి తిన్నగా మనింటికొస్తారు!' అనుకుని, వియ్యపురాలి మెడ కౌగిలించుకుని ఆవిడకంటే గట్టిగా ఏడ్చింది.

వియ్యపురాలు తెల్లబోయింది. అత్తకి ఫోను చెయ్యొద్దన్నారంటే పోయింది అత్తే అనుకుని, ఆవిడ ఏడవడానికి వచ్చింది ఊల్కాన్ కోసమే. ఊల్కానేమో నూనె చేతులతో ఎదురుగా ఏడుస్తోంది. అంటే ఈమె కాదు. మరెవరు? అడగడం మర్యాద కాదు కాబట్టి ఇంకో రాగం అందుకుంది. ఏడుపులు విని ఇరుగుపొరుగు వచ్చారు. శవాన్ని ఉంచే గుడారం వెయ్యడానికి ఎవరో నమదాలు, మందపాటి ఉన్ని కంబళ్ళు, మోసుకొచ్చారు. ఇంకెవరో ముల్లా కోసం పరుగెత్తారు.

గొర్రెతో వచ్చిన ఎర్మెక్ ఇంటిముందు జనాన్ని చూసి, తాడు వదిలేసి, "పాప!" అని అక్కడే కూలబడ్డాడు. గొర్రె శోకాల మధ్య నుంచి దారి చేసుకుని బోర్సోకుల దగ్గరకు పోయింది.

ఆడవాళ్ళ మధ్య ఏమీ తోచక నిలబడ్డ మేరిమ్ చెవిన ఆ మాట పడింది. ఎలా లోపలికి పరుగెత్తిందో తనకే తెలియదు. పాప ముక్కు కింద వేలు పెట్టింది. కంగారులో ఏమీ తెలియలేదు. చెంప ఆనించింది. వెచ్చగా ఊపిరి తగిలింది. పాప విసుగ్గా మొహం తిప్పుకుంది. పాపను ఎత్తుకుని బయటికొచ్చి మేరిమ్ కూడా భోరుమంది. పాప కాకపోతే మరెవరో పోయారు, కాలెండరు ముందే చెప్పింది!

ముల్లా వచ్చి చేతులు కడుక్కున్నాడు. ఊళ్ళో అడిగే హక్కు ఆయన ఒక్కడికే ఉంది.

"పోయినవారు మగా, ఆడా, చిన్నపిల్లా? ప్రార్థనలో మాటలు మారతాయి."

ఏడుపులు ఒక్కసారి ఆగాయి.

"మీవైపు కదా?" అంది ఊల్కాన్.

"అయ్యో, మీవైపు కదా వదినా?"

"మావైపు అయితే నాకు తెలియదా?"

"మా జుమాలీ చెప్పాడు."

"వాడికెవరు చెప్పారు?"

వియ్యపురాలు కూతురివైపు చూసింది. అందరూ చూశారు. మేరిమ్ జేబులోంచి నలిగిన కాగితం తీసింది. ముల్లా దాన్ని దూరంగా పట్టుకుని పైకి చదివాడు: పట్నం, రాజు, వైద్యుడు.

"పొద్దుట్నించీ మనం ఏడుస్తున్నది ఆ రాజు కోసమా?" అంది ఊల్కాన్. "వాడు మనకేమవుతాడే?"

"పాపకి ఏమన్నా అవుతుందేమోనని, అత్తా... నెలాఖరు బుధవారం మంచిది. ఆ రోజు ఎవరూ చావలేదు. క్యాబేజీ పచ్చడి ఒక్కటే ఉంది."

"ఆ పచ్చడి తిని పోయినవాళ్ళ సంగతి వెయ్యలేదేమో చూడు!"

ముల్లా దగ్గి నవ్వు దాచుకున్నాడు. ఊల్కాన్ కోడలి పక్కన కూచుంది. గొంతు తగ్గింది.

"నీ మొగుణ్ణి ఉయ్యాలలో వేసిన రోజు పొద్దున్నే మా మామగారు పోయారే పిల్లా. మధ్యాహ్నం దాకా ఏడ్చాం. సాయంత్రం వీణ్ణి ఉయ్యాలలో వేశాం. భయం నాకు మాత్రం లేదనుకున్నావా? చూడు వాణ్ణి, జడల దున్నలా ఎలా పెరిగాడో. లెయ్, మొహం కడుక్కో. వదినా, ఉయ్యాల తెచ్చారా?"

తెచ్చారు. నిన్ననే బస్సు మీద కట్టేశారట, ఆ దుఃఖంలో విప్పడం ఎవరికీ తోచలేదు.

ఊల్కాన్ పాపను ఆచారం ప్రకారం ముందు తలకిందుగా పట్టుకుని, "ఇలాగేనా?" అని అడిగింది. "కాదు!" అన్నారు జనం బొంగురు గొంతులతో. అడ్డంగా పెట్టి, "ఇలాగా?" "కాదు!" సరిగ్గా పడుకోబెట్టి, "ఇలాగా?" "ఇలాగే!" గుడారంగా వెయ్యడానికి తెచ్చిన నమదాలు నేలమీద పరిచి అందరూ భోజనాలకు కూచున్నారు. పాప నిద్రపోయింది. మేరిమ్ ఉయ్యాల పక్కనే కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే చూస్తూ ఉంది.

జుమాలీ మామయ్య ఒక్కడే ఇంకా రాలేదు. చావు కబురు చెప్పడానికి నిన్న సాయంత్రమే గుర్రమెక్కి కొండమీద మేతభూములకు పోయాడు. అక్కడ ఫోను అందదు. పోయిందెవరో ఆయన చెప్పడు, కాపరులు అడగరు, మంచి గొంతున్న మనిషి, గుడారం గుడారానికీ ఏడుస్తూ వెళుతుంటాడు. మీలో ఎవరైనా ఆవైపు వెళితే ఆయన ఎలా ఉన్నాడో కాస్త చూసి రండి. ఎవరూ పోలేదన్న కబురు మాత్రం మెల్లగా చెప్పండి, తట్టుకోలేడు.