కంట్రోల్‌లో ఉన్న నడుములు

ఆ రోజు అందరికంటే ముందు గోడౌనుకు చేరాలని భూతద్దం ముందురోజే నిశ్చయించుకున్నాడు. పని మీద శ్రద్ధతో కాదు, మెట్లెక్కేటప్పుడు ఎవరి కంటా పడకూడదని. కొన్ని నెలలుగా ఆయన నడుం ఆయన మాట వినడం మానేసింది. పొద్దునపూట మరీ మొండికేస్తుంది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టుతోనూ బేరమాడుతూ ఎక్కాలి.

భూతద్దం ఆయన పేరు కాదు. పార్శిళ్ళ గోడౌనులో ఆయన పై అంతస్తు సూపర్‌వైజరు. పార్శిలు మీద టేపు కాస్త వంకరగా కనిపిస్తే, లోపల సరుకు ఏమైందోనని కాకుండా అతికించినవాడి మనసులో ఏముందోనని ఆలోచించే మనిషి. అందుకని పనివాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఛాతీ ముందుకు పెట్టి ఆయన అంతస్తంతా తిరుగుతూ ఉంటే చూసేవాళ్ళకి అది దర్జాలా ఉండేది. నిజానికి ఆ వెనక బొటనవేళ్ళు రెండూ నడుముని నొక్కి పట్టుకుని ఉండేవి.

నొప్పి ఎవరికీ తెలియకపోవడం ఇప్పుడు మరీ ముఖ్యం. పై అంతస్తునీ కింది అంతస్తునీ కలిపేసి, ఇద్దరు సూపర్‌వైజర్లకు బదులు ఒక్కణ్ణే ఉంచుతామని మేనేజరు చెప్పి ఉన్నాడు. ఆ ఒక్కడికీ అద్దాల గది, అందులో మెత్తటి కుర్చీ. రెండోవాడి గతి ఏమిటో ఆయన చెప్పలేదు. కింది అంతస్తు సూపర్‌వైజరు ఎవరో కాదు, భూతద్దానికి సొంత తోడల్లుడు. వయసులో చిన్నవాడు, ఒక పెట్టె ఎత్తమంటే రెండు ఎత్తే రకం. నడుం సంగతి బయటపడితే కుర్చీ వాడిదే. ఆ తర్వాత బంధువులు కలిసిన ప్రతిచోటా మరదలు ఏమీ అనకుండా అక్క వంక జాలిగా చూస్తుంది. ఆ చూపుని భూతద్దం అప్పటికే చాలాసార్లు ఊహించుకుని చాలాసార్లు బాధపడ్డాడు.

అనుకున్నట్టే ఇంకా ఎవరూ రాలేదు. కానీ పై అంతస్తు తలుపు మీద ఎవరో కాగితం అంటించి వెళ్ళారు. లావుపాటి అక్షరాలతో ఒకటే మాట: కంట్రోల్.

ఆయన దాన్ని దగ్గరనుంచి చదివాడు, దూరం నుంచి చదివాడు. వెళ్ళి కింది అంతస్తు తలుపు చూసి వచ్చాడు. అక్కడ ఆ మాట లేదు. నవ్వుతూ మోకాళ్ళు వంచుతున్న మనిషి బొమ్మ ఉంది.

కాసేపటికి మేనేజరు అందరినీ పిలిచి విషయం చెప్పాడు. ఆయన పక్కన ఆరోగ్య పరిశోధన సంస్థ నుంచి వచ్చిన డాక్టరమ్మ నిలబడి ఉంది. బరువులెత్తేవాళ్ళు మోకాళ్ళు వంచి ఎత్తి, మధ్యమధ్యలో ఒళ్ళు సాగదీసుకుంటే నడుం నొప్పులు తగ్గుతాయని ఆవిడ పరిశోధనలో ఎప్పుడో తేలిందట. తేలినది కాగితాల్లోనే ఉండిపోకుండా, ప్రతి గోడౌనులోనూ రోజూ జరిగే పనిగా మార్చాలని ఆవిడ తాపత్రయం. ముందు ఇక్కడి కింది అంతస్తులో మొదలుపెడతారు. గంట మోగగానే అందరూ లేచి వ్యాయామం చెయ్యాలి.

"మరి మేమో?" అన్నాడు భూతద్దం.

"మీరేమీ చెయ్యక్కర్లేదు. మామూలుగా ఉండండి, చాలు," అంది డాక్టరమ్మ.

మామూలుగా ఉండమని ఒకసారి చెప్పించుకున్నాక మామూలుగా ఉండడం ఏ మనిషి తరమూ కాదు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో, ఊపిరి ఎంత తీసుకోవాలో కూడా ఆలోచించాల్సి వస్తుంది. భూతద్దం ఉన్నపళంగా తన ఊపిరి లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు.

"తలుపు మీద కంట్రోల్ అని ఉందమ్మా. ఎవరి కంట్రోలు?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "అది అయిపోయాక చెప్తానండి. ఇప్పుడే చెప్తే ఫలితం పాడవుతుంది."

ఇంతకంటే చెడ్డ జవాబు ఆవిడ వెతికినా దొరికేది కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి అంతా చెప్పుకున్నాడు. పై అంతస్తు మొత్తాన్నీ కంట్రోల్‌లో పెట్టారనీ, ఎవరి నడుం పోయిందో పైకి తెలియకుండా పసిగట్టే ఎత్తు అనీ, దీని వెనక తోడల్లుడి చెయ్యి లేకుండా ఉండదనీ చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ అంతా విన్నది.

"మిమ్మల్ని కంట్రోల్‌లో పెట్టారా? ఎలా పెట్టారో కాస్త కనుక్కుని రండి. ఇన్నేళ్ళుగా నాకు చేతకాలేదు," అంది.

మర్నాడు ఆయన పనివాళ్ళని ర్యాకుల వెనక్కి పిలిచి, డాక్టరమ్మ వచ్చి ఏ నొప్పి గురించి అడిగినా లేదనే చెప్పమన్నాడు. నొప్పి ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కడికి పోతాయో తనకు తెలుసన్నాడు. నిజానికి ఆయనకు తెలియదు. చెప్పాక మాత్రం తెలిసినట్టే అనిపించింది.

డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్కరినీ అడిగింది. ఒక్కరికీ ఒక్క నొప్పీ లేదు. కూర్చుంటే లేవడానికి ఇద్దరి సాయం కావలసిన పీపా అనే భారీ మనిషి కూడా, "నొప్పంటే ఎలా ఉంటుందండీ?" అని ఎదురడిగాడు. రోజంతా పెట్టెలెత్తే చోట నడుం నొప్పి అన్నదే లేకపోవడం ఆవిడ ఎక్కడా చదవలేదు. ఆవిడకి అనుమానం వచ్చింది. అప్పటినుంచి తరచుగా పైకి రావడం మొదలుపెట్టింది. ఆవిడ తరచుగా వస్తోందంటే తన అనుమానం నిజమేనని భూతద్దానికి రూఢి అయింది. ఇలా ఇద్దరి అనుమానాలూ ఒకదాన్నొకటి మేపుకుంటూ బాగా ఒళ్ళు చేశాయి.

ఇక లాభం లేదని ఆయన తోడల్లుణ్ణి టీ దగ్గర పట్టుకుని, కింద ఏం నేర్పుతున్నారని మాటల మధ్యలో అడిగాడు. తోడల్లుడు ఇబ్బందిగా గ్లాసులోకి చూశాడు.

"మీకు మాత్రం చెప్పొద్దంది అన్నయ్యా, డాక్టరమ్మ."

"నాకు మాత్రమేనా?"

"అంటే, పై అంతస్తు వాళ్ళెవరికీ."

దాంతో ఆ వ్యాయామం ఎలాగైనా సంపాదించాల్సిన వస్తువైపోయింది. భూతద్దం మనుషుల్ని ఒక్కొక్కరిగా కిందికి పంపాడు, ఒకణ్ణి టేపు కోసం, ఒకణ్ణి కత్తెర కోసం. వెళ్ళినవాడు ఒక్క కదలికని కంటితో పట్టుకుని రావాలి. పీపా మెడ తిప్పడం తెచ్చాడు. ఇంకొకడు మోకాళ్ళు వంచడం తెచ్చాడు. మరదలు ఫోనులో అక్కకి చెప్పిన నడుం తిప్పే పద్ధతిని భార్య చెప్పింది. ఆవిడ వంటింట్లో అప్పటికే చేస్తోందట. తన ఇంట్లోకే వచ్చిన సంగతి తనకే ఆఖరున తెలిసిందని ఆయన ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

పై అంతస్తులో రహస్య వ్యాయామం మొదలైంది. మెట్ల దగ్గర ఒకడు కాపలా. డాక్టరమ్మ కనిపిస్తే దగ్గాలి. మనుషులు ఆ పనిని ఎంత నిష్ఠగా చేశారంటే, సెలవురోజున చెయ్యడం కుదరలేదని కొందరు బెంగపెట్టుకున్నారు. కింద మాత్రం గంట మోగినప్పుడు డాక్టరమ్మ ఉంటే లేచేవాళ్ళు, లేకపోతే ఆ కాసేపూ కూర్చునేవాళ్ళు. గంట మోగితే విశ్రాంతి అని వాళ్ళ ఒంటికి అలవాటైంది.

క్రమంగా భూతద్దం చేతులు వెనక నుంచి ముందుకి వచ్చాయి. మెట్లతో బేరాలు తగ్గాయి. జాగ్రత్తగా ఉంటే నడుం దానంతటదే నిలబడుతుందని ఆయన అనుకున్నాడు.

గోడకు రెండు అరచేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి తొయ్యడం ఆఖరి కదలిక. పై అంతస్తులో ఖాళీ గోడ లేదు, చుట్టూ ర్యాకులే. భూతద్దం ర్యాకుని తోస్తున్నాడు. కాపలావాడికి ఆ రోజు నిజంగానే జలుబు, పొద్దుటినుంచీ దగ్గుతూనే ఉన్నాడు. అందుకని డాక్టరమ్మ వచ్చి వెనక నిలబడ్డ సంగతి ఎవరూ గమనించలేదు.

"ఏం చేస్తున్నారండీ?"

"ర్యాకు ఒరిగిందమ్మా. ఆపుతున్నాను," అన్నాడు భూతద్దం, కాలు వెనకే ఉంచి.

చుట్టూ రకరకాల భంగిమల్లో ఉన్న మనుషులంతా ఒక్క పరుగున వచ్చి, ఒరగని ర్యాకుని బలంగా పట్టుకున్నారు. అంతమంది ఒకే పక్కనుంచి పట్టుకునేసరికి అది నిజంగానే ఒరిగింది. పై అర పెట్టెలు కొన్ని, సరుకు కిందికి జార్చే జారుడుబల్ల మీద పడి, ఒకదాని వెనక ఒకటి, కింద టీ తాగుతున్న తోడల్లుడి కాళ్ళ దగ్గరికి చేరాయి.

మేనేజరు ఫిట్టరుని పిలిపించాడు. ఒక ర్యాకు ఒరిగిందని సాక్షాత్తూ సూపర్‌వైజరే చెప్పాక, మిగతావి బాగున్నాయని చెప్పి ఆ బాధ్యత నెత్తిన వేసుకోవడానికి ఫిట్టరు పిచ్చివాడు కాదు. అన్నీ ఒరిగాయన్నాడు. పై అంతస్తు మొత్తం ఖాళీ చేసి, సరుకంతా కిందికి దించి, ర్యాకులు బిగించాక మళ్ళీ పైకెక్కించాలన్నాడు. రెండు అంతస్తులవాళ్ళనీ ఆ పనిలోకి దింపారు. డాక్టరమ్మ మెట్ల మలుపులో నిలబడింది.

ఆవిడ చూస్తుండగా పై అంతస్తువాళ్ళు వరసగా మోకాళ్ళు వంచారు, వీపు నిటారుగా ఉంచారు, పెట్టెని పొట్టకి ఆనించుకుని లేచారు. పీపా లేచిన తీరు పరిశోధన పుస్తకంలో బొమ్మలా ఉంది. కింది అంతస్తువాళ్ళు తమకు తెలిసినట్టే నడుం వంచి ఎత్తారు. మధ్యాహ్నానికి వాళ్ళలో సగంమంది గోడలకు చేరబడ్డారు. తోడల్లుడు అలవాటుగా రెండు పెట్టెలు ఒకేసారి ఎత్తబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అతన్ని అదే ఆకారంలో మోసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టారు.

మర్నాడు మేనేజరు గదిలోకి పిలుపు వచ్చింది. భూతద్దం దారిలో రకరకాల సంజాయిషీలు సిద్ధం చేసుకున్నాడు. లోపల డాక్టరమ్మ ముఖం చూశాక అవన్నీ మరిచిపోయి, ఎవరూ అడగకుండానే, "నాకు నడుం నొప్పి ఉండేదండీ. చాలా నెలలనుంచి," అనేశాడు.

"అది అందరికీ తెలిసిందేగా," అన్నాడు మేనేజరు. "కూర్చోండి."

డాక్టరమ్మ అప్పుడు విడమరిచి చెప్పింది. పరిశోధనలో కంట్రోల్ అంటే ఎవరినో అదుపులో పెట్టడం కాదట. వ్యాయామం చేసినవాళ్ళని దేనితోనైనా పోల్చాలి కనక, కొందరిని ఏమీ చెయ్యకుండా ఉంచుతారట, ఆ గుంపు పేరే కంట్రోలట. ఏమీ చెయ్యకపోవడమే వాళ్ళ పని.

కుట్ర లేదన్నందుకు భూతద్దానికి ఉపశమనం కలగలేదు. ఇంత పెద్ద వ్యవహారంలో తనకిచ్చిన పాత్ర ఇదా అని చిన్నబుచ్చుకున్నాడు.

"నా లెక్కలన్నీ తలకిందులయ్యాయి," అంది డాక్టరమ్మ. "చెయ్యమన్నవాళ్ళు చెయ్యలేదు. చెయ్యొద్దన్నవాళ్ళు రోజూ చేశారు. ఇది మంచిదని రుజువు చెయ్యడం నాకొచ్చు. జనం చేత చేయించడం మాత్రం ఇన్నేళ్ళూ నావల్ల కాలేదు. అది మీరు చేశారు."

మేనేజరు మిగతాది తేల్చేశాడు. అద్దాల గదిలో కూర్చుని చేసే సూపర్‌వైజరు పని, డాక్టర్లు కదలొద్దన్న తోడల్లుడికి వెళ్ళింది. నడుం బాగున్న మనిషిని కూర్చోబెట్టడం కంపెనీకి దండగ. అందుకని భూతద్దం ఊరూరా ఉన్న గోడౌన్లన్నీ తిరిగి ఈ కార్యక్రమం పెట్టించాలి. ఇంట్లో ఈ వార్త విని భార్య వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి, మీ బావగారికి అన్ని గోడౌన్లూ అప్పగించారు అని చెప్పింది. అది విని ఆయనకే కాస్త నిజమనిపించింది.

మొదటి గోడౌనులో ఆయన ఏదీ దాచలేదు. కంట్రోల్ అంటే ఏమిటో, మోకాళ్ళు ఎందుకు వంచాలో, తన నడుం ఎలా బాగుపడిందో అన్నీ విప్పి చెప్పాడు. అందరూ మర్యాదగా విని తలలూపారు. ఒక్కరు కూడా చెయ్యరని ఆ తలలూపడంలోనే ఆయనకు తెలిసిపోయింది.

వెనక వరసలో ఒకతను చేతులు కట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"నిజంగా అంత మంచిదైతే, పనిగట్టుకుని వచ్చి మాకెందుకు చెప్తున్నారండీ?" అని అడిగాడు.

భూతద్దం అతని పేరు కనుక్కుని, ఆ గోడౌనులో కార్యక్రమమంతా అతనికే అప్పగించి వచ్చాడు.