ఒక్క ఎముకా విరగని వీరుడు

ఈ ఏటి ధైర్యసాహసాల పతకం వెండితెర సాహసవీరుడికే ఇవ్వాలని సన్మాన సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అరవై రెండు చిత్రాల్లో వంతెనల మీంచి, రైళ్ల మీంచి, మండుతున్న మేడల మీంచి దూకి కూడా ఒంటి మీద గీత పడనివ్వని మహానుభావుడు ఆయన.

పతకానికి మరొక్క దరఖాస్తే వచ్చింది. అది ఆ దూకుళ్లన్నీ ఆయన బదులు దూకిన డూపుది. ముప్పై ఏళ్లుగా కెమెరాకు వీపే చూపించాడు గనుక స్టూడియోలో అందరూ అతణ్ణి 'వీపు' అనేవారు. దేవుడు తనకు ముఖం కూడా ఇచ్చాడన్న సంగతి అతనే అప్పుడప్పుడు మరిచిపోయేవాడు. మరిచిపోనిది భార్య ఒక్కతే.

"ఇన్నాళ్లూ జనం మీ వీపుకి చప్పట్లు కొట్టారు. ఒక్కసారి మీ మొహం చూసి కొడితే నా కళ్లు చల్లబడతాయండీ" అని పోరి, దరఖాస్తు పెట్టించింది.

ఆధారంగా అతను పదకొండు ఎక్స్‌రేలు జతచేశాడు. సంఘాధ్యక్షుడు వాటిని ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు ఎత్తి చూసి నొచ్చుకున్నాడు.

"ఏమయ్యా, ఇన్నిసార్లు విరగ్గొట్టుకున్నావా? దూకడం చేతకానివాడికి పతకమిస్తే పిల్లలు చెడిపోరూ?"

"ఆయన అసలు దూకలేదు బాబూ. అన్నీ నేనే..."

"అదే నేననేదీ! తెలిసిన మనిషి గనుక దూకలేదు."

ఇంతటి తర్కానికి వీపు ఒక దండం పెట్టి, ఎక్స్‌రేలు సర్దుకున్నాడు.

సన్మానం నాటి ఉదయం చిన్న చిక్కొచ్చింది. వేదికకు పదిహేను మెట్లు. సరిచూసుకుందామని వచ్చిన సాహసవీరుడు నాలుగో మెట్టు మీద కిందికి చూసి, కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం వీపుకు కబురెళ్లింది.

సాయంత్రం వీరుడి కోటు తొడుక్కుని, జనానికి వీపు పెట్టి, అతను పదిహేను మెట్లూ చకచకా ఎక్కాడు. చప్పట్లకు పందిరి ఊగిపోయింది. అధ్యక్షుడు కళ్లు మూసుకుని భక్తిగా పతకం మెడలో వేశాడు. ముందు వరసలో కూర్చున్న భార్య మెల్లగా లేచి నిలబడింది. ఆమెను చూసి, ముప్పై ఏళ్లలో మొదటిసారి, అతను జనం వైపు తిరిగాడు.

చప్పట్లు ఠక్కున ఆగాయి.

"ఎవడ్రా వీడు? మా వీరుడి పతకం కాజేస్తున్నాడు! పట్టుకోండి!" అని జనంలోంచి కేకలు లేచాయి.

నలుగురు కార్యకర్తలు మెట్ల మీదికి ఉరికారు. పాపం, అతనికి వచ్చిన విద్య ఒక్కటే. దూకాడు. కింద పరుపు వేసేవాళ్లు ఎవరూ లేరు.

అధ్యక్షుడు మైకు సవరించుకున్నాడు. "చూశారుగా మహాజనులారా! సాహసమంటే అందరివల్లా అయ్యే పనేనా?"

ఆ మాటకు మనందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కొట్టనిది అతని భార్య ఒక్కతే. ఆమె రెండు చేతుల్లోనూ అతని కాలుంది.