అత్తయ్య సీటు

పక్షి ఎగరడానికి ఎవరి అనుమతీ అడగదు. అందుకే యుగాలు గడిచినా దానికి అభివృద్ధి లేదు. మనిషి అలా కాదు. ముందు అభ్యంతరాలన్నీ తెలుసుకుంటాడు, తరువాత వాటికి సరిపోయే విమానం కట్టుకుంటాడు. ఈ ఉన్నత సంప్రదాయానికి మా మామయ్య చేసిన సేవను నలుగురికీ చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. (ఆయన వద్దన్నాడు. అయినా సరే.)

మామయ్య జీవితమంతా మోటారు పంపులు బాగుచేశాడు. ఆయన చెయ్యి పడని బావి ఈ చుట్టుపక్కల లేదు. ఆ పని మానేశాక ఊరికే కూర్చోలేక, ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు పట్టే తేలికపాటి విమానం కట్టడం మొదలుపెట్టాడు. అత్తయ్య దర్జీ. రెక్కలకు చుట్టే గుడ్డంతా ఆవిడే తన మిషను మీద కుట్టింది. బట్టలిచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి గొడవపెడితే, రెక్క అయ్యాకే మీవి అని చెప్పి పంపేసేది. దానికి ఆవిడ అడిగిన కూలి ఒక్కటే: మొదటిసారి ఎగిరేటప్పుడు పక్క సీటు తనది. మామయ్య ఆ సీటును ఆవిడ కొలతలకే చేశాడు. నడుం నొప్పి మనిషని వెనకాల చిన్న దిండు కూడా కట్టాడు.

ఇంతవరకు ఏ శాఖకూ తెలియదు కాబట్టి పని చకచకా సాగింది.

విమానం లేవాలంటే రన్‌వే కావాలి. మా వీధిలో స్కూటరు వెనక్కి తిప్పాలన్నా పక్కింటివాళ్లు గేటు తియ్యాలి. అయితే వీధి చివర పెద్ద చెరువుంది. చక్రాలు పీకేసి ఫ్లోట్లు పెడితే పోలా అనుకున్నాడు మామయ్య. ఫ్లోట్లంటే, విమానం నీళ్ల మీద లేచి నీళ్ల మీదే వాలడానికి కింద బిగించే రెండు పొడవాటి డొల్ల పడవలు. ఎంత పనిమంతుడు చేసినా వాటిలోకి కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. అందుకని పైన బిరడాలు పెట్టి, ఎగిరే ముందు ప్రతిసారీ చేతిపంపుతో తోడేస్తారు. మామయ్య దీన్ని లెక్కలోకే తీసుకోలేదు. బతుకంతా జనం నీళ్లు తోడినవాడు కదా, పాపం.

ఎగరడానికి అనుమతి అడిగితే, ఆకాశ శాఖవారు ఫ్లోట్లు చూసి, ఇది పడవ, జల శాఖకు వెళ్లమన్నారు. జల శాఖవారు రెక్కలు చూసి, ఇది విమానం, ఆకాశ శాఖకు వెళ్లమన్నారు. రెండూ ఒకే మేడలో ఎదురెదురు గదులు. మధ్య వరండాలో మామయ్య అడకత్తెరలో పోకచెక్కలా ఏడాది నలిగాడు. (ఆ నడకంతా కలిపితే విమానం లేకుండానే ఎక్కడికో చేరేవారని అత్తయ్య లెక్క.) చివరికి రెండు శాఖలవారూ టీ దగ్గర కలుసుకుని మహత్తరమైన రాజీకి వచ్చారు. విమానం కిందిసగం జల శాఖది, పైసగం ఆకాశ శాఖది. తగాదా రాకుండా విమానం నడుం చుట్టూ ఎర్ర రంగుతో గీత కూడా గీయించారు, మామయ్య రంగుతోనే.

కిందిసగం చూడడానికి జల పర్యవేక్షకుడు వచ్చాడు. మర్యాదస్తుడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. విమానాన్ని వారంపాటు చెరువులో కట్టి ఉంచి, మునగలేదని తృప్తిపడి, ఫ్లోట్ల బిరడాలకు లక్కతో సీలు వేశాడు. పరీక్షించిన వస్తువు పరీక్షించిన స్థితిలోనే ఉండాలన్నది ఆ శాఖ మూలసూత్రం. లోపల వారంనాటి నీళ్లున్నాయని మామయ్య మనవి చేశాడు.

"ఉండనివ్వండి. వాటితోనే కదా పాసయింది."

"తోడకపోతే బరువండీ."

"తోడి ఎక్కడ పోస్తారు?"

"చెరువులోనేనండీ. అక్కడివేగా."

పర్యవేక్షకుడు జాలిగా చూశాడు. చెరువు నీళ్లు శాఖవి, బయటికి తీస్తే దొంగతనం. ఒకసారి బయటికొచ్చాక అవి బయటి నీళ్లు, మళ్లీ చెరువులో పోస్తే కాలుష్యం. ఏదో ఒకటి చేసేవాళ్లను చూశాను గానీ, రెండూ ఒకే చేత్తో చేస్తానని ఎదురుగా నిలబడి చెప్పిన మనిషిని నా సర్వీసులో చూడలేదన్నాడు.

ఇక పైసగం వంతు. ఆకాశ శాఖ తూనికల అధికారిణి విమానాన్ని ఒడ్డుకు లాగించి, సీళ్లతో, నీళ్లతో, ఉన్నదున్నట్టు తూచింది. తేలికపాటి విమానం తేలిగ్గా ఉండాలన్నది ఆమె నిబంధన, అందులో తప్పేమీ లేదు. ఫ్లోట్లలో నీళ్లు సరిగ్గా ఒక మనిషి బరువున్నాయి. కాబట్టి ఇక ఒక్క మనిషికే చోటు, రెండో సీటు తీసేయాలి. నీళ్లు తీస్తే సరిపోతుంది కదా అన్నాడు మామయ్య. నీళ్లు గీతకు కింద ఉన్నాయి, అది మా పరిధి కాదంది. మరి వాటిని తూచారేం అన్నాడు. బరువు గీత దాటి పైకి వస్తోంది కాబట్టి అంది.

"అయితే నా సీటు తీసెయ్యండి. ఆవిడ సీటు ఉంచండి," అన్నాడు మామయ్య.

ఆమె దీన్ని కొట్టిపారెయ్యలేదు. పై అధికారికి ఫోను చేసి కనుక్కుంది. విమానానికి నడిపేవాడు ఉండాలన్న నిబంధన ఇంకా రద్దు కాలేదట.

బోల్టులు విప్పుతుంటే నాకు ఒళ్లు మండింది. అత్తయ్య మాత్రం దిండు విప్పుకుని చంకలో పెట్టుకుంది. నువ్వు లేకుండా నేనెక్కను అని మామయ్య చతికిలబడ్డాడు.

"ఎక్కాలండీ. అనుమతి ఈ నెలాఖరు దాకానే. నా కుట్టు అలా నానుతూ పడుండాలా?" అంది. మళ్లీ తనే, "కుట్లు నిలుస్తాయో లేదో కిందనించి చూస్తాను. అక్కణ్ణించే బాగా కనపడుతుంది," అంది. ఆ చివరి మాట అబద్ధం. మాకందరికీ తెలుసు.

మామయ్య ఎగిరాడు. చెరువు చుట్టూ తిరిగాడు, మా వీధి మీదుగా వచ్చాడు, ఆవిడ కుట్టిన రెక్క ఎండలో మెరిసింది, ఒక్క కుట్టు ఊడలేదు. అత్తయ్య మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూస్తూనే ఉంది. దిండు మాత్రం వదల్లేదు.

దిగగానే రెండు శాఖలూ కలిసి నివేదిక రాసుకున్నాయి. సీలు వేసిన నీళ్లు శాఖ సొత్తు, పైకి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాయి కాబట్టి ప్రయాణికులు ఇద్దరని తేల్చారు. రెండో ప్రయాణికుడికి అసౌకర్యమేమైనా కలిగిందా అన్న ప్రశ్న దగ్గర మామయ్య అత్తయ్య చంకలోని దిండు వైపు చూశాడు. పర్యవేక్షకుడు ఫ్లోటు మీద చెవి పెట్టి విని, తానే రాశాడు: "ఫిర్యాదు లేదు."